బిస్కెట్ డబ్బాలో మిగిలిన ప్రశ్న

ఆయన పోయిన తొమ్మిదో రోజున వాళ్ల పక్కింటి ముసలావిడ మా ఆసుపత్రికి వచ్చింది. చేతిలో గుండ్రటి నీలం బిస్కెట్ డబ్బా. "నీకే ఇమ్మన్నాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు" అని ఇంగ్లీషులో చెప్పి నా చేతుల్లో పెట్టింది. మూత మీద తెల్లటి టేపు అంటించి, దాని మీద ఆయన గుండ్రటి అక్షరాలతో "నర్సమ్మకి" అని తెలుగులో రాసి ఉంది. ఈ ఊళ్లో నర్సులు చాలామంది ఉన్నారు కానీ ఆయన నర్సమ్మా అని పిలిచింది నన్నొక్కదాన్నే.

ఇంటికి తెచ్చి వంటగదిలో బల్ల మీద పెట్టాను. నాలుగు రోజులైంది. దాన్ని పక్కకి జరిపి అన్నం తింటున్నాను, మళ్లీ మధ్యలోకి జరుపుతున్నాను. మూత తీసే ధైర్యం చాలడం లేదు. అందుకని ముందు ఆయన గురించి రాస్తున్నాను. ఇది రాయడం అయ్యాక తీస్తాను.

ఆస్ట్రేలియాలో మా ఊరు టూవూంబా. ఇక్కడున్న తెలుగువాళ్లందరికీ ఆ డబ్బా తెలుసు. ఒకప్పుడు ఆంటీ, అంటే ఆయన భార్య, అందులో సూదులూ దారపు రీళ్లూ పెట్టుకునేది. ఈయన ఒకనాడు అడగా పెట్టకుండా అవన్నీ పాత నెయ్యి సీసాలోకి ఒంపేసి డబ్బా లాక్కున్నారట. "గ్రీకులకి కావాల్సొచ్చిందంటమ్మా నా డబ్బా" అని ఆంటీ అందరికీ చెప్పుకునేది. చెప్పినప్పుడల్లా ఆయన ఏదో గొప్ప పని చేసినట్టు తలూపేవారు.

మేమంతా ఆయన్ని సార్ అనేవాళ్లం. ఇక్కడి యూనివర్సిటీలో ప్రాచీన గ్రీకుల తత్త్వం చెప్పేవారు. అందులోనూ ఆయనది ఒక చిత్రమైన మూల. ఆ రోజుల్లో గుళ్లలో పూజారిణికి పూనకం వచ్చి జోస్యం పలికేది. రాజుల దగ్గర్నుంచి గొర్రెల కాపరుల దాకా వెళ్లి అడిగేవాళ్లు. అదే కాలంలో, అదే వీధుల్లో, దేన్నీ ఊరికే నమ్మొద్దు, ప్రశ్నించండి అని చెప్పే తత్త్వవేత్తలూ తిరిగేవారు. వీళ్లకీ వాళ్లకీ మధ్య ఉన్న పేచీ ఏమిటి, పొత్తు ఏమిటి అన్నదే ఆయన జీవితమంతా తవ్వుకున్నది. తర్వాత యూనివర్సిటీ ఆ సబ్జెక్టు ఎత్తేసింది. పిల్లలకి వ్యాసం ఎలా రాయాలో, కామా ఎక్కడ పెట్టాలో చెప్పే విభాగంలో ఆయన్ని కూర్చోబెట్టారు. "ప్రమోషనే. ఇప్పుడు నా దగ్గరికి నిజంగా అవసరం ఉన్నవాళ్లే వస్తున్నారు" అనేవారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చలికాలం పడమటి గాలి మొదలైందంటే కోతిటోపీ పెట్టుకుని, చెవుల మీద దాన్ని రెండు చేతులతో సర్దుకుంటూ మాట్లాడేవారు. భుజానికి గుడ్డసంచి. అందులో తెలుగు పంచాంగమూ గ్రీకు నిఘంటువూ, రెండిటికీ ఒకే గోధుమరంగు అట్ట వేసి ఉండేవి. ఒకదానికోసం తీస్తే ఇంకోటి వచ్చేది. కారు నడపడం చూడాలి. అరవైలో వెళ్లాల్సిన చోట నలభై దాటేవారు కాదు. కొండ దిగి బ్రిస్బేన్ వైపు వెళ్లే ఘాట్ రోడ్డు మీద అయితే రేడియో కట్టేసి, మమ్మల్నీ నోరు కట్టేసుకోమనేవారు. వెనక లారీలు హారన్ కొడుతుంటే "వాళ్లకి జవాబులు తొందర" అని గొణిగేవారు.

మాండరిన్ నారింజ తొక్క తెగకుండా ఒకే ముక్కగా ఒలిచేవారు. తొనలన్నీ తొక్కలోనే పువ్వులా విడదీసి ముందు ఎదుటివాళ్ల చేతిలో పెట్టేవారు. ఆయన తినగా నేను చూడలేదు.

వాళ్ల తాతగారు దివిసీమలో పంచాంగం గణించేవారట. ఆ సంగతి ఎలాగో బయటికి పొక్కింది. అంతే, ఊళ్లో మావాళ్లు ఆయన్ని వదల్లేదు. ఇల్లు కట్టుకునేవాళ్లు కాంక్రీటు పోసే రోజుకి ముహూర్తం అడిగేవారు. బిల్డరు ఇచ్చిన తేదీ దుర్ముహూర్తంలో పడిందని ఒకాయన లబోదిబోమంటే, సార్ శాంతంగా "బిల్డరు చెప్పిన రోజున ఏ బిల్డరు వచ్చాడయ్యా, కంగారుపడకు" అన్నారు. నిజంగానే వాడు పది రోజులు ఆలస్యంగా వచ్చాడు. దాంతో సార్ మాట జరుగుతుందని పేరొచ్చింది. ఆయన తల పట్టుకున్నారు.

ఉగాది ఇక్కడ ఆకులు రాలే కాలంలో వస్తుంది. అద్దెకు తీసుకున్న స్కౌట్ల హాల్లో, గోడల నిండా తాడుముళ్ల బొమ్మల మధ్య, డబ్బాలో ఎండబెట్టి దాచిన వేపపువ్వుతో పచ్చడి చేసుకుంటాం. పూజారి బ్రిస్బేన్ నుంచి రావాలి, ఎప్పుడూ రాడు. కాబట్టి పంచాంగ శ్రవణం సార్‌కి పడింది. ఒక్క అక్షరం వదలకుండా, ఒక్క అంకె మార్చకుండా చదివేవారు. మేషం నుంచి మీనం దాకా ఎవరికి ఎంత రాజపూజ్యం, ఎంత అవమానం అని గంభీరంగా చెబుతుంటే పిల్లలు కూడా చిప్స్ నమలడం ఆపేవాళ్లు. అంతా అయ్యాక పుస్తకం మూసి ఇలా అనేవారు:

"నమ్మమని చెప్పట్లేదు. నమ్మొద్దనీ చెప్పట్లేదు. ఏథెన్స్‌లో ఒక ముసలాయన ఉండేవాడు, చివరికి విషం తాగి పోయాడు. నిన్ను మించిన జ్ఞాని లేడని దేవుడు పలికాడని ఎవరో వచ్చి చెబితే ఆయనేం చేశాడు? పొంగిపోలేదు, కొట్టిపారెయ్యలేదు. నాకంటే తెలిసినవాణ్ణి ఒక్కణ్ణి పట్టుకుని దేవుడి ముందు నిలబెడదామని ఊరంతా తిరిగాడు. జోస్యాన్ని పరీక్షకి పెట్టాడు. అదే ఆయన భక్తి. మీరూ మీ రాశిఫలాల్ని అలా చూడండి."

ఆ ముసలాయన శిష్యుడి కథ ఒకటి చెప్పేవారు. ఆ కుర్రాడు పరదేశపు సైన్యంలో చేరడానికి బయల్దేరుతూ, వెళ్లాలా వద్దా అని గుళ్లో అడిగి రమ్మంటే, వెళ్లి ఇంకోటి అడిగి వచ్చాడు: క్షేమంగా వెళ్లి రావాలంటే ఏ దేవుళ్లకి మొక్కుకోవాలి? దేవుడు పేర్లు చెప్పాడు. ముసలాయన నెత్తి కొట్టుకున్నాడు. "మొదటి ప్రశ్న నీకు నువ్వే తేల్చేసుకుని, రెండోది పట్టుకెళ్లి దేవుణ్ణి అడిగావు. సరే, అడిగావు కాబట్టి చెప్పినట్టు చెయ్యి" అన్నాడట.

ఈ కథ సార్ మా మీద బాగా వాడేవారు. నేను జగిత్యాల నుంచి వచ్చిన కొత్తల్లో, మొదటి ఉగాదికి, ఆయన దగ్గరికి పోయి "సార్, నాకు పీఆర్ ఎప్పుడొస్తదో జర చూడరాదుండ్రి" అన్నాను.

"అది రెండో ప్రశ్న నర్సమ్మా. ఇక్కడ ఉండాలా వద్దా అని ఎప్పుడడిగావు?"

"గదెవరన్న అడుగుతరా సార్?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. డబ్బా నా ముందుకి జరిపి ఒక కాగితం ఇచ్చారు.

డబ్బా పని అదే. గ్రీసులో ఉత్తరాన ఒక గుళ్లో జనం తమ ప్రశ్నల్ని సీసపు రేకుల మీద గీసి, మడిచి ఇచ్చేవారట. ఆ రేకులు మట్టిలో బోలెడు దొరికాయి. పోయిన దుప్పట్లు ఎవరన్నా ఎత్తుకెళ్లారా అని ఒకడు, ఆవిడ కడుపులో బిడ్డ నాదేనా అని ఇంకొకడు. చెబుతూ చెబుతూ సార్ గొంతు మారిపోయేది. "ప్రశ్నలు దొరికాయమ్మా. జవాబులు దాదాపు దొరకలేదు" అనేవారు. అందుకే ప్రతి ఉగాదికీ మాతో తలా ఒక ప్రశ్న రాయించి, తేదీ వేయించి, మడిపించి డబ్బాలో వేసేవారు. మరుసటి ఉగాదికి రాసినవాళ్లే వచ్చి తమది తాము తెరుచుకోవాలి. ఇంకొకళ్లది తాకకూడదు. ఏడాది తర్వాత తెరిచి చూసుకుంటే సగం మందికి నవ్వొచ్చేది, కొందరు కాగితం జేబులో కుక్కుకుని బయట కార్ల మధ్యకి వెళ్లి నిలబడేవాళ్లు.

ఇంకొక కథ కూడా ఉంది, దాన్ని చాలా ఇష్టంగా చెప్పేవారు. గుళ్లో పలికేది ఒకరు, ఆ పలుకుని అడిగినవాడికి తెలిసేలా విప్పి చెప్పేది ఇంకొకరట. "దేవుడు ఏదో ఒకటి పలుకుతాడు. అడిగినవాడు చెవులు నిక్కబొడుచుకుని ఉంటాడు. బరువంతా మధ్యలో నిలబడినవాడిదే. ఒకసారి ఒక పెద్దమనిషి పూజారిణి చేత మాట మార్పించాడు. సంగతి బయటపడింది. ఆవిడ పదవి పోయింది, వాడు ఊరు వదిలి పారిపోయాడు. అంత పెద్ద తప్పు అది!" చూపుడువేలు గాల్లో నిలబెట్టి చెప్పేవారు. నేను ఆ వేలు చూసి ముచ్చటపడేదాన్ని.

ఆంటీకి జబ్బు చేసిన ఏడాది ఉగాదికి కూడా ఆయనే పంచాంగం చదివారు. ఆంటీది కర్కాటక రాశి, నాదీ అదే. రాజపూజ్యం ఆరు, అవమానం రెండు అన్నారు. బాగుందని నేను చప్పట్లు కొట్టాను. నెల తర్వాత ఇండియన్ కొట్లో పంచాంగం ఊరికే తిరగేస్తే అంకెలు తిరగబడి ఉన్నాయి, రాజపూజ్యం రెండు, అవమానం ఆరు. సార్‌కి కళ్లద్దాలు మార్చాలి అనుకున్నాను. అంతకుమించి నా బుర్రకి తట్టలేదు.

నేను పనిచేసేది క్యాన్సర్ రోగులకి మందు ఎక్కించే విభాగంలో. ఆంటీ నా కుర్చీకే వచ్చేది. ఆవిడకి కూరగాయల కొట్టుకి సరిపోయే ఇంగ్లీషే వచ్చు. డాక్టరు మంచావిడ, ప్రతిసారీ ఫోన్‌లో దుబాసీని పెట్టిస్తాననేది. ఆంటీయే వద్దనేది. "బయటోళ్లెందుకమ్మా మధ్యలో, ఆయనున్నారుగా" అనేది. నాకు తెలుగు వచ్చినా నేను దుబాసీగా మాట్లాడకూడదు, మా రూలు. ఆ రూలు వెనక నేను ఎంత హాయిగా దాక్కున్నానో తర్వాత తెలిసింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం. డాక్టరు గదిలో నలుగురం. డాక్టరు కుర్చీ ఆంటీ దగ్గరికి లాక్కుని, ఆవిడ కళ్లలోకే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. వైద్యం ఇక పనిచేయడం లేదు. ఇకమీద నొప్పి లేకుండా చూడటమే మా పని. లెక్క వారాల్లోనే, మహా అయితే రెండు మూడు నెలలు.

ఆంటీ భర్త వైపు తిరిగింది. ఆయన కోతిటోపీ చేతుల్లో మెలితిప్పుతూ అన్నారు: "మందు మారుస్తారంట. ఈ చలికాలం కాస్త నీరసంగా ఉంటుందంట."

నేను గోడకి ఆనుకున్నాను.

ఆంటీకి ఒకే ఒక్క చెల్లెలు, బందరులో. తల్లి పోయినప్పుడు ఆవిడ పట్టుచీరలు పంచుకునే దగ్గర మాటా మాటా పెరిగి పదకొండేళ్లుగా పలకరింపుల్లేవు. ఆ మధ్య నా దగ్గర మందు ఎక్కించుకుంటూ ఆంటీ అదే మాట్లాడేది. "ఆ మామిడిపిందెల చీర దానికే ఇచ్చేస్తే పోయేది. ఎంత కట్టానని నేను? రెండుసార్లు. మనిషిని చూసి, చీర దాని ఒళ్లో పెట్టేసి వచ్చేస్తే చాలు." చీర అప్పటికే ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టుకుంది.

ఆంటీ ఇప్పుడు ఆయనతో అంది: "ఏవండీ, నేను మా చెల్లిని చూడ్డానికి బందరెళ్లాలా వద్దా, అదడగండి ఆవిణ్ణి."

ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఒక్కరైనా మొదటి ప్రశ్న సరిగ్గా అడిగారంటే అది ఆంటీయే. ఆయన డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు: ప్రయాణానికి ఎప్పుడైతే అనుకూలం?

వెళ్లాలా అని కాదు, ఎప్పుడు అని.

డాక్టరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇప్పుడే. ఈ వారంలోనే, వీలైతే. కావాల్సిన ఉత్తరాలు నేనే రాస్తాను."

ఆయన ఆంటీ చేయి పట్టుకున్నారు. "సెప్టెంబరులో ఈ ఊరి పూలపండగ అయ్యాక వెళ్లమంటున్నారు. ఈలోపు ఒళ్లు కూడదీసుకోవాలంట."

"మంచిదే, చలి తగ్గుతుంది" అంది ఆంటీ.

డాక్టరుకి ఏదో తేడా అనిపించింది. అలాంటి మాట చెప్పాక మొహాలు ఎలా మారతాయో ఆవిడకి తెలుసు. ఆంటీ మొహం మారలేదు. డాక్టరు నా వైపు చూసి, ఆమెకి అర్థమైందా అని అడిగింది. సార్ కూడా నన్నే చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. రోజూ పిల్లలకి తప్పులు దిద్దే మనిషి, దిద్దొద్దని నన్ను బతిమాలుతున్నారు.

"ఐ థింక్ సో" అన్నాను.

ఆంటీని కారులో కూర్చోబెట్టి ఆయన మందుల చీటీ కోసం వెనక్కి వచ్చినప్పుడు, కారిడార్‌లో అడ్డం నిలబడ్డాను. నాకు ఒళ్లు మండిపోతోంది.

"సార్, డాక్టర్ చెప్పింది గది కాదు. ఇప్పుడే పొమ్మన్నది. మీరేమో పూలపండుగ అయినంక అంటరు. సెప్టెంబర్ దాకా ఆంటీ ఉంటదా?"

"తెలుసమ్మా."

"తెలిసి గట్లెట్ల చెప్తరు? మీరే గద సార్ మాకు చెప్పిండ్రు, నడిమిట్ల ఉన్నోడు మాట మార్చొద్దని!"

ఆయన గోడ పట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్లు చెప్పాను. పాఠం చెప్పడానికి నోరొచ్చింది. ఇది చెప్పడానికి రాలేదు. తెలిస్తే ఆవిడ ఆ రోజునే అన్నం మానేస్తుంది, నాకు తెలుసు. ఒక్క పూట, నర్సమ్మా. ఇంకొక్క పూట ఆవిడ చారు పెట్టి, ఉప్పెక్కువైందా అని అడగాలి నన్ను."

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనో దేనితోనో.

"నువ్వుగా చెప్పకు" అన్నారు. "ఆవిడగా నిన్ను అడిగితే మాత్రం చెప్పు. అప్పుడు నేను అడ్డురాను."

అది నాకు ధర్మంగానే తోచింది. అడిగితే చెప్తాను, అడగకపోతే లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉండొచ్చు. రెండుసార్లు ఆవిడ గది తలుపు దాకా వెళ్లాను. రెండుసార్లూ వెనక్కొచ్చాను. ఆంటీ అడుగుతుందిలే అనుకున్నాను.

రెండున్నర నెలలు ఎదురుచూశాను. పొట్టలో చేరిన నీరు తీయించుకోవడానికి ఆంటీ వారం వారం వచ్చేది. దుప్పటి కప్పి పక్కన కూర్చునేదాన్ని. గోంగూర ఇక్కడ ఎర్రమట్టిలో బాగా వస్తుందనేది, నా జడ పలచబడుతోందనేది. ఒక్కోసారి మాట ఆపి నా మొహం కేసి తేరిపార చూసేది. ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అనుకునేదాన్ని. "నువ్వు అన్నం తిన్నావా?" అనేది. అంతే. నేను తిన్నానని చెప్పేదాన్ని, చాలాసార్లు తినకుండానే. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆంటీ అడుగు, దేవుడా అడిగించు అని లోపల మొక్కుకున్నాను. ఆవిడ నా గోళ్లు చూసి, "కాల్షియం తక్కువైంది నీకు" అంది.

ఆగస్టు మొదటి వారంలో పోయింది. పూలపండగకి ఊరంతా మొక్కలు నాటుతున్నారు. బందరు చెల్లెలు దహనాన్ని ఫోన్ తెరలో చూసింది. "నాకెందుకు చెప్పలేదు బావగారూ, నాకెందుకు చెప్పలేదు" అని ఒకే మాట అంటూనే ఉంది. ఫోన్ పట్టుకున్నది నేను. నా చేయి ఊగుతుంటే ఆవిడకి అక్క మొహం సరిగ్గా కనిపించలేదు. చీర ఆంటీ మీదే కప్పారు.

ఆ తర్వాతి ఉగాదికి సార్ డబ్బా తెచ్చారు. ఎవరి కాగితాలు వాళ్లకి ఇచ్చేశారు, ఊరు మారినవాళ్లవి పోస్టులో పంపారు. కొత్తవి రాయించలేదు. పంచాంగం చదవమంటే "నోరు పోయింది" అని వెనక వరసలో కూర్చున్నారు. కొందరు నిజంగానే గొంతు పాడైందనుకుని మిరియాల పాలు తాగమన్నారు.

ఉద్యోగం మానేశారు. రెండు వారాలకోసారి మా విభాగానికి వచ్చి, ఆంటీ కూర్చునే కుర్చీ ఎదురుగా కూర్చుని, రోగులకి నారింజలు ఒలిచిపెట్టేవారు. కొత్తగా వచ్చిన రిసెప్షన్ అమ్మాయి ఆయన్ని వాలంటీరు అనుకుని బ్యాడ్జి కూడా ఇవ్వబోయింది. బ్రిస్బేన్‌లో స్నేహితులు తమ దగ్గరికి వచ్చేయమన్నారు, వెళ్లలేదు. ఆ మాటే పోయిన చలికాలం అడిగాను. కొండ అంచున పార్కులో బెంచీ మీద ఉన్నాం. కింద లోయంతా ఎండ.

"ఒక్కరే ఏం ఉంటరు సార్ ఇక్కడ? పోరాదుండ్రి."

"వెళ్లాల్సిందే కదా, రూలు ప్రకారం. మాట మార్చినవాడు ఊళ్లో ఉండకూడదు. మూడేళ్లుగా చూస్తున్నాను నర్సమ్మా, నన్నెవరూ తరమట్లేదు. రొట్టెల కొట్టువాడు కూడా ఎలా ఉన్నారని నవ్వుతూ అడుగుతాడు." టోపీ చెవుల మీదికి లాక్కున్నారు. "ఎవరైనా తరిమితే బావుణ్ణు."

"ఆంటీ మిమ్మల్ని ఎన్నడన్న అడిగిందా సార్? తన సంగతి?"

"నన్నా? ఇన్నేళ్లు కాపురం చేసింది. నా దగ్గర జవాబు ఉండదని తెలియదూ?" అని, "నిన్ను అడిగిందా?" అన్నారు.

"లేదు సార్. ఒక్కపారి అడిగినా చెప్పేదాన్ని. అడగనే లేదు."

ఆయన నా వైపు తిరిగారు. ఏదో చెప్పబోయారు కూడా. తర్వాత సంచిలోంచి నారింజ తీసి, మెల్లగా, తొక్క తెగకుండా ఒలిచి నా చేతిలో పెట్టారు. తిన్నాను. తియ్యగా ఉందన్నాను.

ఇక్కడిదాకా రాసి, లేచి డబ్బా మూత తీశాను.

లోపల రెండు కాగితాలు. ఒకటి విడిగా, ఆయన చేతిరాతలో. "నర్సమ్మా, ఇది ఆవిడది. రాసినవాళ్లే తెరవాలన్న నియమం నేనే పెట్టాను, ఆవిడ పోయిన మర్నాడు నేనే తప్పాను. అందులో ఉన్నది నీకు చేరాల్సిన మాట. నువ్వు తట్టుకోలేవని దాచాను. ఆవిడకి చేసిందే నీకూ చేశాను. పార్కులో ఆ రోజు చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఇప్పుడు ఒక్క అక్షరం మార్చకుండా పంపుతున్నాను."

రెండోది ఇండియన్ కొట్టు క్యాలెండర్ వెనక వైపు చించిన ముక్క. నాలుగు మడతలు, పైన మెరూన్ దారం. ఆంటీ దారమే. ఒకసారి తెంపి, మళ్లీ వచ్చీరాని ముడి వేసి ఉంది. విప్పలేక పళ్లతో కొరికాను. తేదీ జూలై పదిహేడు.

"ఈయన ఏదో దాస్తున్నారు. మొహం చూస్తే తెలిసిపోతోంది. ఆ నర్సమ్మాయిని అడగనా, వద్దా? అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. పాపం చిన్నపిల్ల, అబద్ధమాడటం చేతకాదు. చెప్పి ఎంత ఏడుస్తుందో ఏమో."

వెనక్కి తిప్పి చూశాను. క్యాలెండర్‌లో ఏప్రిల్ నెల, ఉగాది చుట్టూ ఎర్రటి సున్నా. ఇంకేం లేదు.

ఆంటీ, నాకప్పటికి ముప్ఫైనాలుగేళ్లు. చిన్నపిల్లనేం కాదు. ఆ రోజు నీ ఎదురుగా నిలబడి డాక్టరుతో "ఐ థింక్ సో" అని ఆ మూడు ముక్కలూ అన్నది నేనే.